పద్నాలుగు గేర్ల చిట్టి మోటారు సైకిలు

పాలక్యాన్లు వేలాడదీసుకుని పల్లెల నుంచి పట్నం వచ్చే మోపెడ్లను మీరు చూసే ఉంటారు. 1980లో మన దేశంలో విడుదలైన టి.వి.ఎస్. 50 మోపెడ్‌కు 50 సి.సి. ఇంజను ఉండేది. మార్చవలసిన గేర్లే దానికి లేవు. అంతే పరిమాణం గల ఇంజనుతో 1967లో జపానుకు చెందిన సుజుకి సంస్థ తయారుచేసిన ఆర్‌కె 67 అనే పందెపు మోటారు సైకిలుకు మాత్రం 14 గేర్లు! ఎందుకిన్ని?

చిన్న ఇంజను, పెద్ద పరుగు

ఇంజను శక్తి ఒక్కో భ్రమణంలో అది చేసే పని మీద, నిమిషానికి తిరిగే భ్రమణాల సంఖ్య మీద ఆధారపడుతుంది. 50 సి.సి. సిలిండరులో పట్టే గాలి, పెట్రోలు బహు కొద్ది. కనుక శక్తి పెరగాలంటే భ్రమణాలు పెంచడమే దారి. 1962లో 50 సి.సి. బండ్లకు ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలు మొదలయ్యాక కంపెనీలన్నీ ఈ దారే పట్టాయి. 1966 నాటి హోండా ఆర్‌సి 116 ఇంజను నిమిషానికి 21,500 సార్లు తిరిగి సుమారు 14 అశ్వశక్తి ఇచ్చేది. దానికి 9 గేర్లు.

సుజుకిది రెండు స్ట్రోకుల ఇంజను. దాని రహస్యం పొగగొట్టంలో ఉంది. గొట్టం ఆకారాన్ని సరిగ్గా మలిస్తే, అందులో వెనక్కి మళ్లే పీడన తరంగం బయటికి జారిపోతున్న తాజా ఇంధన మిశ్రమాన్ని తిరిగి సిలిండరులోకి నెడుతుంది. తూర్పు జర్మనీలోని ఎం.జెడ్. కర్మాగారంలో వాల్టర్ కాడెన్ ఈ విద్యకు పదును పెట్టారు. అక్కడి రైడరు ఎర్నస్ట్ డెగ్నర్ 1961లో దేశం విడిచి సుజుకిలో చేరడంతో ఆ విద్య జపాను చేరింది. 1962లో తొలి 50 సి.సి. ఛాంపియన్ ఆయనే.

మొదటి గేరు చిక్కు

అయితే ఆ తరంగం సరైన క్షణానికి తిరిగి రావడం కొద్దిపాటి భ్రమణాల పరిధిలోనే సాధ్యం. ఆర్‌కె 67 గరిష్ఠ శక్తి, అంటే 17 అశ్వశక్తికి పైగా, 17,300 భ్రమణాల వద్ద లభించేది. ఉదాహరణకు 16,000 కంటే తగ్గితే శక్తి పడిపోతుందనుకుందాం. అప్పుడు ఒక గేరుకూ మరో గేరుకూ మధ్య తేడా 8 శాతానికి మించరాదు. పై గేరులో గంటకు 170 కి.మీ. వేగం కావాలంటే, 14 గేర్లున్నా మొదటి గేరులోనే బండి 60 కి.మీ. దాటుతుంది. అదే 6 గేర్లయితే మొదటి గేరు వేగం దాదాపు 115 కి.మీ.!

ఆ రోజుల్లో రైడరు ఇంజను ఆపిన బండిని తోసుకుంటూ పరుగెత్తి, ఎక్కి పందెం మొదలుపెట్టేవాడు. మనిషి పరుగు వేగానికీ మొదటి గేరు వేగానికీ గల అంతరాన్ని క్లచ్‌ను జార్చుతూ పూడ్చాలి. ఏమాత్రం తొందరపడినా ఇంజను చల్లారిపోతుంది.

నిబంధన తెచ్చిన మార్పు

సుజుకి తర్వాత మూడు సిలిండర్ల 50 సి.సి. ఇంజను కూడా తయారుచేసింది. కానీ అది పందెంలోకి రానేలేదు. ఇంత ఖరీదైన యంత్రాలతో చిన్న కంపెనీలు తూగలేవు. 1969 నుంచి ఈ తరగతిలో ఒకే సిలిండరు, ఆరు గేర్లకు మించరాదని అంతర్జాతీయ మోటారు సైకిలు సమాఖ్య నిబంధన అమలు చేసింది. ఆ ఏడాదే స్పెయినుకు చెందిన డెర్బీ బండిపై ఆంఖెల్ నియెతో ఛాంపియన్ అయ్యాడు.

ఒక అద్భుత యంత్రం ఆగిపోయినందుకు బాధపడేవారున్నారు. కానీ ఆరు గేర్లతోనే నెగ్గాలంటే ఇంజను మరింత విశాలమైన పరిధిలో శక్తినివ్వాలి. రోడ్డు మీద నడిచే బండికి కావలసిన గుణం కూడా అదే. గేర్లు శక్తిని పుట్టించవు, ఉన్న శక్తిని చక్రానికి అందిస్తాయి. కాబట్టి ఎక్కువ గేర్లున్న బండి ఎక్కువ బలమైనదని భ్రమపడకూడదు. ఆర్‌కె 67కు 14 గేర్లు అవసరమైంది దాని ఇంజనుకున్న పరిమితి వల్లనే.