గేదెలూ, తెల్లకొంగలూ

మన వైపు చెరువుగట్టు చెట్లమీద పెద్ద పక్షులు నాలుగు వాలితే చాలు, "సైబీరియా నుంచి వచ్చాయి" అనేస్తాం. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో అయితే వాటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. నిజానికి అవి ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు. మన దేశపు పక్షులే. అసలు సిసలు సైబీరియా కొంగను నేను చూసింది రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో, 1981 జనవరిలో.

ఆగ్రా చూడ్డానికి వెళ్ళిన మమ్మల్ని, పక్కనే కదా అని మావారు అక్కడికి లాక్కెళ్ళారు. రిక్షా అతను చూపించిన వైపు చూద్దును కదా, మోకాటిలోతు నీళ్ళలో తల్లీ తండ్రీ, మధ్యన ఓ పిల్ల! పెద్దవి రెండూ మల్లెపువ్వుల్లా తెల్లగా ఉన్నాయి. మొహాలు మాత్రం కుంకుమ పూసినట్టు ఎర్రన. రెక్క విప్పితేగాని కొసనున్న నలుపు కనబడదు. పిల్లది ఇంకా దాల్చినచెక్క రంగే. పెద్దది బురదలోంచి దుంప తవ్వి దాని నోటికందిస్తోంది.

చుట్టూ గేదెలు! "ఇంత చక్కని చోట ఈ మందేమిటండీ, తోలేసేవాళ్ళే లేరా?" అన్నాను. రిక్షా అతను నవ్వి ఊరుకున్నాడు.

ఆ చిత్తడినేల దానంతటది ఏర్పడ్డది కాదు. పల్లపు భూమిలోకి అజాన్ కట్ట నీళ్ళు మళ్ళించి, బాతుల వేటకోసం రాజులు తీర్చిదిద్దుకున్నది. కేవలాదేవ్ గుడి దగ్గర రాతిపలకల మీద ఏ దొరలు ఏ రోజున ఎన్ని పిట్టల్ని కొట్టారో చెక్కించారు. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో కూల్చినవి 4,273! అది చదివాక ఆ పూట అన్నం సయించలేదు. స్వతంత్రం వచ్చాక ఆ మడుగులు పొలాలైపోకుండా మిగిలాయంటే, సలీం ఆలీగారు పట్టుబట్టబట్టే.

తరవాత దాన్ని జాతీయ ఉద్యానవనం చేశారు. 1982 నవంబరులో గేదెల్ని లోపలికి రానివ్వం అన్నారు. చుట్టుపక్కల పల్లెలు తిరగబడ్డాయి. పోలీసు కాల్పుల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. పేపర్లో చదివి, రిక్షాలో కూర్చుని నేనన్న మాట గుర్తొచ్చి గతుక్కుమన్నాను.

అసలు సంగతి ఆ పైన బయటపడింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు ఏళ్ళతరబడి పరిశోధించి చూస్తే, గేదెలు మేయడం ఆగాక నీటిగడ్డి పెచ్చుపెరిగి మడుగుల్ని కప్పేసిందట. బాతులకి ఈదే చోటూ, కొంగలకి దుంపలు తవ్వుకునే చోటూ కరువయ్యాయి. ఇంటిపని సంగతీ అంతే కదండీ! చేస్తున్నన్నాళ్ళూ ఎవరి కంటా పడదు. మానేసిన నాడు తెలుస్తుంది.

నేరమంతా గడ్డిమీదకే తొయ్యలేం. దారిలో అఫ్గానిస్తాన్, పాకిస్తాన్‌లలో వేటగాళ్ళు కాచుకుని ఉండేవారు. 1960లలో భరత్‌పూర్‌కి సుమారు 200 కొంగలు వచ్చేవి. 2002 నాటికి ఒక్క జంట మిగిలింది. ఆ తరవాత అదీ రాలేదు.

1990లలో, మనుషులు పెంచిన కొంగల్ని తెచ్చి అక్కడ వదిలి చూశారు. అవి వలస వెళ్ళలేదు. రెక్కలు పుట్టుకతో వస్తాయిగాని, దారి అలా రాదు. మొదటి ఏడు అమ్మానాన్నల వెంట ఎగిరి నేర్చుకోవాలి. చైనాలోని పోయాంగ్ సరస్సుకి వెళ్ళే మంద ఇప్పటికీ ఉంది. వాటికి తెలిసిన దారి అదే. మన దారి తెలిసిన పెద్దలే లేకుండా పోయారు.

మా అమ్మ పెట్టే మాగాయ కొలతలు అడిగి రాసుకోలేదే అని నేను ఇప్పటికీ బాధపడుతూంటాను. జాడీ ఉంది, మామిడికాయలూ ఉన్నాయి, చెప్పే మనిషే లేదు. భరత్‌పూర్‌లో నీళ్ళున్నాయి, దుంపలున్నాయి. ఆనాడు నేను చూసిన దాల్చినచెక్క రంగు పిల్ల, తన పిల్లను వెంటబెట్టుకుని ఒక్కసారైనా వచ్చి ఉంటుందా?