ముయ్యి పుస్తకంలో లేని పేరు

పెనుకొండలో మా అవ్వగారింటి ట్రంకుపెట్టెలో ఒక నోటుపుస్తకం దొరికింది. 1991లో మా తమ్ముడి మొదటి పుట్టినరోజుకు వచ్చిన ముయ్యి అందులో రాసుంది. చదివింపులను మా వైపు ముయ్యి అంటాం. సరిహద్దు అవతల కన్నడంలోనూ అదే మాట. పదకొండు రూపాయలు, ఇరవై ఒకటి, స్టీలు గిన్నె, వెండి మొలతాడు. ఎదురుగా పేర్లన్నీ మగవాళ్లవే. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చదివాను. ఒక్కో పేరుకూ అమ్మ ఒక ఆడమనిషిని చెప్పింది. ఆ గిన్నె తెచ్చింది ఎవరు, వాళ్ల ఏ కాన్పుకు మనం ఏం పెట్టాం, ఇంకా ఎంత బాకీ అన్నీ చెప్పింది. ముప్పై ఏళ్లు దాటినా ఒక్క లెక్కా తప్పలేదు.

నా మొదటి పుట్టినరోజుకు పుస్తకమే లేదు. ఆడపిల్లకు ఫంక్షనేమిటన్నారట. ధర్మవరం అత్త మాత్రం పట్టు పావడా పంపింది. ఆ ఊరి చేనేత పట్టు చీరలతో పాటు పావడాలకూ ఇప్పుడు భౌగోళిక గుర్తింపు ఉంది. దారం కండెలు చుట్టిన ఆడవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

తేదీ చూసి పుట్టినరోజు చేయడం మన ఇళ్లలో మరీ పాతదేమీ కాదు. అమ్మ పుట్టిన తేదీ బడిలో అయ్యవారు వేసిందే. దేశమంతటికీ ఒకే జనన మరణాల నమోదు చట్టం 1969లో గానీ రాలేదు. తేదీలు పట్టించుకోని ఇళ్లలో బిడ్డ చేసే పనులే పండుగలు. బోర్లాపడితే బొబ్బట్లు, అడుగేస్తే అరిసెలు చేసి వీధిలో పంచేవాళ్లు. ఎవరూ ఏమీ తేనక్కర లేదు. అయితే ఆ పంపకానికీ హద్దులున్నాయి. కొందరికి గడప లోపల, పళ్లెంలో. కొందరికి పెరట్లో, ఆకులో.

పుస్తకం దొరికిన పెట్టెలోనే ఒక స్టీలు గ్లాసు ఉంది. మిగతా గిన్నెలన్నిటి మీదా ఇచ్చినవాళ్ల పేర్లు చెక్కి ఉన్నాయి. దీని మీద అక్షరం లేదు. తమ్ముడికి పురుడు పోసిన అవ్వ తెచ్చిందట. ఆమెది ఊరి చివరి వాడ. పుస్తకంలో ఎందుకు రాయలేదని అడిగాను.

"వాళ్లింటికి మనం పోయేదుంటే కదా పాపా, రాసుకునేది!" అంది అమ్మ, మామూలుగానే.

ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం మూడూ బాధ్యతలేనని ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో వచ్చిన తన వ్యాసంలో వాదించాడు. ముయ్యి రాసుకునే ఆడవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. మా ఇంట్లో జరిగింది మరొకటి. గ్లాసు పుచ్చుకున్నారు, బాకీ మాత్రం రాసుకోలేదు. రాస్తే ఆమె ఇంటికి పోవాలి, ఆమె వండింది తినాలి. బిడ్డను మొదట చేతుల్లోకి తీసుకున్న మనిషి చేతి అన్నం మాకు పనికిరాలేదు.

ఇప్పుడు మేం హిందూపురంలో ఉంటున్నాం. 2022లో జిల్లా పేరు మారింది, మా విందుల్లో మర్యాదల పేర్లూ మారాయి. నిరుడు మా పాప పుట్టినరోజుకు కేకు తెప్పిస్తే, గుడ్డుందా అని ఒక తల్లి ఫోన్ చేసింది. 1898లో బెంగళూరు చిక్‌పేటలో మొదలైన అయ్యంగార్ బేకరీలు గుడ్డు లేని కేకుకు ఎందుకు పేరుపడ్డాయో అప్పుడు ఆలోచించాను. పిల్లలందరికీ ఒకే ధర రిటర్న్ గిఫ్టులు కొన్నది, కట్టింది నేనే. ఎవరికి తక్కువైందోనని రాత్రంతా లెక్కేసిందీ నేనే. ముయ్యి నాకు తెలియకుండానే నా తలలోకి వచ్చి చేరింది.

ఆ రోజు మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురు పెన్సిలు పెట్టె తెచ్చింది. అందరితో పాటు కూర్చుని తింది. ఆ రాత్రి నేనూ ఒక పుస్తకం తెరిచాను. తల్లుల పేర్లే రాశాను, ఆమె పేరుతో సహా. రాయడానికి ఒక నిమిషం పట్టింది.

నెల తర్వాత ఆ పిల్ల పుట్టినరోజుకు మమ్మల్ని పిలిచారు. కానుక పంపాను. ఏదో సెమినారుందని చెప్పి పోలేదు.

ఆ బాకీ పుస్తకంలో అలాగే ఉంది.