పాత అమెరికా రాగి సెంట్లు: మెరుపు చూసి మోసపోవద్దు.. అసలు రంగు గుర్తించేదెలా?

రెండొందల ఏళ్ల నాటి అమెరికా రాగి సెంట్లు రెండు పక్కపక్కనే ఉన్నాయనుకోండి. ఒకటి గులాబీ ఛాయలో తళతళలాడుతోంది. ఇంకోటి ముదురు గోధుమ రంగులో ఉంది. కొత్తగా నాణేలు కొనేవారి చేయి మెరిసేదాని మీదికే పోతుంది. అనుభవం ఉన్న సేకర్తలు మాత్రం ఆ గోధుమ రంగు నాణేన్నే ముందు పట్టుకుంటారు. అన్నేళ్ల పాత రాగి సహజంగా అలా మెరవడం చాలా అరుదు. ఎవరో తోమితేనే ఆ మెరుపు వస్తుంది. తోమిన నాణెం విలువ దారుణంగా పడిపోతుంది.

ఏమిటీ నాణేలు?

1792 ఏప్రిల్ 2న వచ్చిన నాణేల చట్టంతో ఫిలడెల్ఫియాలో అమెరికా టంకశాల ఏర్పడింది. 1793లో రాగి సెంట్లు, హాఫ్ సెంట్లు అక్కడే తయారయ్యాయి. సెంట్ అంటే డాలర్‌లో నూరో వంతు. బొరుసు వైపు గొలుసు బొమ్మ ఉన్న మొదటి రకం సెంట్లు 36,103 మాత్రమే. స్వేచ్ఛా దేవత నాణెం మీద గొలుసు ఏమిటని విమర్శలు రావడంతో అదే ఏడాది దాని స్థానంలో ఆకుల దండ వచ్చింది.

మొదట్లో సెంట్ బరువు 208 గ్రెయిన్లు, అంటే సుమారు 13.48 గ్రాములు. రాగి ధర పెరగడంతో 1795 చివర్లో 168 గ్రెయిన్లకు, అంటే సుమారు 10.89 గ్రాములకు తగ్గించారు. 1815 సంవత్సరం వేసిన సెంట్లు అసలు లేనే లేవు. 1857 ఫిబ్రవరిలో వచ్చిన చట్టంతో ఈ పెద్ద సెంట్లు, హాఫ్ సెంట్లు ఆగిపోయాయి.

అరుగుదల ఒక లెక్క, ఉపరితలం ఇంకో లెక్క

నాణెం స్థితిని 1 నుంచి 70 వరకు అంకెల్లో చెప్పే పద్ధతిని విలియం షెల్డన్ 1949లో ఈ రాగి సెంట్ల కోసమే ప్రతిపాదించారు. గ్రేడ్ 1 నాణెం విలువ ఎంతైతే, గ్రేడ్ 70 నాణేనిది దానికి 70 రెట్లు అనేది అప్పటి లెక్క. ధరలు మారిపోయి ఆ లెక్క చెల్లకుండా పోయినా, ఆ అంకెలు మాత్రం నిలిచిపోయాయి. నేడు అన్ని రకాల నాణేలకూ వాటినే వాడుతున్నారు.

అరుగుదల తెలియాలంటే ముందు ఎత్తుగా ఉండే చోట్లు చూడాలి. దేవత జుట్టు, చెవి దగ్గరి పాయలు, చెంప, వెనక ఆకుల గీతలు ముందుగా అరుగుతాయి. అయితే పలచగా కనిపించిందల్లా అరుగుదల కాదు. అచ్చు సరిగ్గా పడకపోయినా, అచ్చే అరిగిపోయినా బొమ్మ అలాగే ఉంటుంది.

తొలినాళ్లలో టంకశాలకు మంచి రాగి దొరకడమే గగనం. అందుకే అప్పటి బిళ్లల్లో పగుళ్లు, పొరలు, గుంటలు కనిపిస్తాయి. ఇవి పుట్టుకతో వచ్చిన లోపాలు. తర్వాత ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నుంచి మాథ్యూ బోల్టన్ పంపిన బిళ్లలు వచ్చాక నాణ్యత బాగా పెరిగింది. పుట్టుకతో వచ్చిన లోపాన్ని సేకర్తలు కొంత క్షమిస్తారు. తర్వాత పడిన గాట్లు, సొట్టలు, గీతలను అంతగా క్షమించరు.

రాగి నాణేల ప్రత్యేక సేకర్తలు రెండు అంకెలు చూస్తారు. బొమ్మ స్పష్టతను బట్టి ఒకటి, లోపాలన్నీ తీసేశాక మిగిలేది రెండోది. స్పష్టతలో 30 ఉన్న నాణెం ఉపరితలమంతా గుంటలు పడితే, నికరంగా 12కో 15కో దిగిపోవచ్చు. గ్రేడింగ్ సంస్థలైన పీసీజీఎస్, ఎన్‌జీసీ తోమిన నాణేలకు అంకె ఇవ్వకుండా 'డీటెయిల్స్' అని మాత్రమే రాస్తాయి.

రంగు ఏం చెబుతుంది?

టంకశాల నుంచి వచ్చినప్పుడు సెంట్ ఎర్రగా ఉంటుంది. గాలి, తేమ తగిలి మెల్లగా గోధుమ రంగుకు మారుతుంది. ఈ మార్పు ఒక్కసారిగా రాదు. ఎత్తైన చోట్లు ముందు ముదురుతాయి. అక్షరాల పక్కన, సందుల్లో ఎరుపు ఎక్కువ కాలం మిగులుతుంది. నాణెమంతా ఒకే తీరుగా గులాబీ, నారింజ రంగులో ఉంటే అనుమానించాల్సిందే. ఇంట్లో రాగి చెంబును చింతపండుతో తోమితే వచ్చే రంగు లాంటిదే అది. ఆ రంగును దాచడానికి మందులు పూసి మళ్లీ నల్లబరిచేవారూ ఉన్నారు. అలాంటి రంగు మచ్చలుగానో, మసిగానో కనిపిస్తుంది.

అలాగని ఎర్రగా ఉన్నవన్నీ నకిలీ కావు. అంతర్యుద్ధం తర్వాత బయటపడిన ర్యాండల్ నిధిలో 1816 నుంచి 1820 మధ్య నాటి సెంట్లు చాలావరకు ఎరుపు పోకుండానే దొరికాయి. పచ్చని చిలుము మాత్రం ప్రమాదకరం. అది రాగిని తినేస్తూ పోతుంది.

నకిలీలు ఎక్కడ దొరికిపోతాయి?

1799 సెంట్ అరుదు. అందుకే 1798 నాణెం మీద చివరి అంకె చెక్కి 1799 అని అమ్మేవారు. ఆ అంకె చుట్టూ భూతద్దంతో చూస్తే గీకిన జాడ తెలుస్తుంది. అసలైన 1804 సెంట్‌లో ముందువైపు సంవత్సరంలోని సున్నాకు సరిగ్గా వెనకాల, 'ఆఫ్' అనే పదంలోని 'ఓ' అక్షరం ఉంటుంది. పాత అచ్చులతో టంకశాల బయట కొట్టిన 1804 నాణేలు కూడా ఉన్నాయి. అవి అసలువి కావు.

విద్యుత్ పూతతో రెండు రేకులు చేసి అతికించిన ప్రతిరూపాలకు అంచు చుట్టూ అతుకు గీత ఉంటుంది. బరువు కూడా తేడా వస్తుంది. పోత పోసిన వాటిలో సన్నని బుడగల గుంటలు కనిపిస్తాయి. కొత్త తరం నకిలీలు మరింత నేర్పుగా వస్తున్నాయి. అసలు నాణెం మీది సొట్ట కూడా అచ్చులోకి దిగడంతో, ఒకే చోట ఒకే సొట్టతో అనేక నాణేలు తేలతాయి. కాబట్టి కొనే ముందు అదే రకం నాణేల ఫొటోలతో పోల్చి చూడాలి.

చేయాల్సినవి, చేయకూడనివి

పగటి వెలుగులోనో, ఒకే దీపం కిందనో నాణేన్ని వంచి తిప్పుతూ చూడాలి. వేళ్లతో అంచులే పట్టుకోవాలి. తూకం వేయాలి. అంచు తప్పకుండా చూడాలి. పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో పెడితే పచ్చని జిగురు పడుతుంది. పొడిగా ఉండే నూలు సంచి, దానిపైన కాగితం కవరు మేలు.

తాతల నాటి పెట్టెలో ఇలాంటి సెంట్ దొరికితే పాలిష్, నిమ్మకాయ, వెనిగర్ జోలికి వెళ్లకుండా ఉన్నది ఉన్నట్టుగా తెలిసినవారికి చూపించాలి. మురికిగా ఉన్న నాణేన్ని ఎలా కాపాడాలో నిపుణులు తర్వాత చూసుకోవచ్చు. ఒకసారి తోమేసిన నాణేనికి పాత రంగును మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.