ఖైదీకి బదులు ఖైదీ: చరిత్ర నేర్పే ధర్మం

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతిశుభాలు వర్షించుగాక!



ఒక సైనికుడు శత్రువు చేతికి చిక్కాడు. మీ చెరలో ఉన్న మావాళ్లను వదిలితేనే మీవాణ్ణి వదులుతామని శత్రువు షరతు పెట్టాడు. అప్పుడు పాలకుడు ఏం చేయాలి? ఒకవైపు చిక్కినవాడి తల్లి రోదన. మరోవైపు, నేడు వదిలిన ఖైదీలు రేపు మళ్లీ ఆయుధం పడితే పోయే ప్రాణాల భయం. ఏ దేశంలో ఈ ప్రశ్న తలెత్తినా ప్రజలు రెండుగా చీలిపోతారు. ఒక వర్గం రెండో వర్గాన్ని పిరికివారంటుంది. ఆ వర్గం వీరిని దయలేనివారంటుంది. మన ఉమ్మత్‌కు ఈ ప్రశ్న కొత్తది కాదు. హిజ్రీ రెండో సంవత్సరంలోనే అది మదీనా వాకిట నిలిచింది.

ఆ ఏడాది రజబ్ నెలలో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జహష్ (రజి) నాయకత్వంలో ఒక చిన్న దళం నఖ్లా ప్రాంతానికి వెళ్లింది. ఖురైషీయుల బిడారు నుంచి ఉస్మాన్ బిన్ అబ్దుల్లాహ్, హకమ్ బిన్ కైసాన్ అనే ఇద్దరిని బంధించి తెచ్చింది. ఖురైషీయులు పరిహారంతో వారిని విడిపించుకోగోరారు. అయితే దళంలోని ఇద్దరు, హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి), హజ్రత్ ఉత్బా బిన్ గజ్వాన్ (రజి), తప్పిపోయిన ఒంటెను వెతుకుతూ వెనుకబడిపోయారు. వారిద్దరూ క్షేమంగా తిరిగి వచ్చేవరకు దైవప్రవక్త (స) పరిహారానికి అంగీకరించలేదు. వారు వచ్చాకే ఖైదీలకు విడుదల లభించింది. ఆ ఖైదీల్లో హకమ్ ఇస్లాం స్వీకరించి మదీనాలోనే ఉండిపోయారు. తనవారి ప్రాణానికి ప్రవక్త (స) ఎంత విలువ ఇచ్చారో ఈ సంఘటన చెబుతుంది.

బద్ర్ తర్వాత మరింత కఠినమైన పరీక్ష ఎదురైంది. ఆ యుద్ధంలో అబూ సుఫ్యాన్ కుమారుల్లో ఒకడైన హన్‌జలా చనిపోయాడు. మరొకడైన అమ్ర్ ముస్లింల చేతికి చిక్కాడు. కొడుకునూ పోగొట్టుకుని సొమ్మునూ పోగొట్టుకోనా అంటూ అబూ సుఫ్యాన్ పరిహారం ఇవ్వడానికి నిరాకరించాడు. అంతలో సఅద్ బిన్ నూమాన్ (రజి) అనే వృద్ధ అన్సారీ ఉమ్రా కోసం మక్కా వెళ్లారు. యాత్రికుణ్ణి ముట్టుకోరాదన్నది ఖురైషీయుల సొంత ఆచారం. అబూ సుఫ్యాన్ ఆ ఆచారాన్ని కాలదన్ని ఆ వృద్ధుణ్ణి పట్టి ఉంచాడు. ఇది అన్యాయమని అందరికీ తెలుసు. అన్యాయంగా పట్టుకున్నవాడికి ఖైదీని అప్పగిస్తే అన్యాయానికి బహుమతి ఇచ్చినట్టు కాదా? ఈ మాట నేడు కూడా వినిపిస్తుంది. అయినా సఅద్ (రజి) వంశీయులు వచ్చి అమ్ర్‌ను తమకివ్వమని అడిగినప్పుడు ప్రవక్త (స) ఇచ్చివేశారు. అమ్ర్ మక్కా చేరాడు, వృద్ధుడు ఇంటికి చేరాడు.

సహీహ్ ముస్లింలో మరో సంఘటన ఉంది. సఖీఫ్ తెగవారు ఇద్దరు సహాబీలను బంధించారు. వారి మిత్రతెగ అయిన బనూ ఉఖైల్‌కు చెందిన ఒక వ్యక్తి ముస్లింలకు చిక్కాడు. అతడు ఆకలిగా ఉంది, దాహంగా ఉంది అని పిలిచినప్పుడు ప్రవక్త (స) వెనక్కి వచ్చి అతడికి కావలసింది ఇప్పించారు. చివరికి ఆ ఒక్కరికి బదులుగా ఇద్దరు సహాబీలు విడుదలయ్యారు. చెరలో ఉన్నా, బేరంలో ఉన్నా ఖైదీ మనిషే. అతడి ఆకలిదప్పులు తీర్చడం బేరంలో భాగం కాదు, బాధ్యత.

సోదరులారా! దివ్య ఖుర్ఆన్‌లోని ముహమ్మద్ సూరా నాలుగో ఆయతు యుద్ధఖైదీల విషయంలో రెండు మార్గాలు చూపింది: అనుగ్రహించి ఊరకనే వదిలివేయడం, లేదా పరిహారం తీసుకుని వదిలివేయడం. ఖైదీని విడిపించండి, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టండి, రోగిని పరామర్శించండి అన్న భావం గల హదీసును బుఖారీ నమోదు చేశారు. ఇంత స్పష్టత ఉన్నా ఖైదీల మార్పిడిపై మన ఇమాముల్లోనే భేదాభిప్రాయం వచ్చింది. మనలో అత్యధికులు అనుసరించే హనఫీ మజ్‌హబ్‌లోనే అది కనిపిస్తుంది.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) నుంచి వచ్చిన ఒక ఉల్లేఖనం ప్రకారం శత్రు ఖైదీని మార్పిడిలో ఇవ్వరాదు. ఇస్తే అతడు మళ్లీ యోధుడై మనపైకి వస్తాడు. మనవాడు చెరలో ఉండిపోవడం అతడికి వచ్చిన పరీక్ష, కానీ శత్రువుకు బలం చేకూర్చడం మన చేతులతో మనం చేసిన పని అవుతుందన్నది ఆ వాదన. ఆయన శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) దీనికి భిన్నంగా చెప్పారు. శత్రువును అట్టే ఉంచుకోవడం కంటే మనవాణ్ణి కాపాడుకోవడమే మేలని, మార్పిడి సమ్మతమని అన్నారు. ఇమామ్ మాలిక్, షాఫిఈ, అహ్మద్ (రహ్మ) కూడా మార్పిడిని అనుమతించారు. గురువును కఠినుడని శిష్యులు నిందించలేదు. శిష్యులను పిరికివారని గురువు పక్షం వారు నిందించలేదు. ఇద్దరూ ప్రాణాల గురించే ఆలోచించారు. ఒకరు చెరలో ఉన్న ప్రాణాన్ని చూశారు, మరొకరు రేపు పోబోయే ప్రాణాలను చూశారు.

ఈ అభిప్రాయభేదం దారితప్పితే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. అబ్బాసీ ఖలీఫాలకు, రోము చక్రవర్తులకు మధ్య నేటి టర్కీలోని లామోస్ నది వద్ద ఖైదీల మార్పిడి జరిగేది. 845లో ఖలీఫా వాసిఖ్ కాలంలో అక్కడ నాలుగు వేలకు పైగా మంది విడుదలయ్యారు. వారిలో ముస్లిం రాజ్యంలోని ముస్లిమేతర పౌరులూ ఉన్నారు. ఇది మెచ్చదగినది. కానీ అదే రోజుల్లో ఖుర్ఆన్ సృష్టించబడినదా కాదా అన్న వివాదంలో పాలకుల పక్షాన్ని ఒప్పుకోని ముస్లిం ఖైదీలను విడిపించకుండా శత్రువు చేతిలోనే వదిలేశారు. నదికి ఆవల నిలబడి, స్వదేశం కళ్లెదుట కనిపిస్తుండగా, తమవారే వద్దన్న ఆ ఖైదీల బాధ ఎంతటిదో ఊహించండి! మార్పిడి చేయాలా వద్దా అన్నది చర్చించదగిన ప్రశ్న. మనకు నచ్చినవాడైతేనే విడిపిస్తాం అనడం మాత్రం జుల్మ్.

ఇక మన ప్రాంతం వైపు చూద్దాం. మన మానవపాడు ఉన్న నడిగడ్డ కృష్ణా తుంగభద్రల నడిమి నేల. ఈ రెండు నదుల మధ్య భూమి కోసమే బహమనీ సుల్తానులు, విజయనగర రాయలు తరతరాలు పోరాడారు. ఫెరిష్తా రాసిన చరిత్ర ప్రకారం 1366లో బుక్కరాయల సేన ముద్గల్ కోటను పట్టి అందులోని వారిని వధించింది. దానికి ప్రతీకారంగా ఒకటో ముహమ్మద్ షా లక్షమందిని చంపుతానని శపథం చేసి ఊళ్లపై పడ్డాడు. ఈ సంఘటనల తర్వాత రెండు శతాబ్దాలకు పైగా గడిచాక రాసినవాడు గనుక ఫెరిష్తా చెప్పిన సంఖ్యలను యథాతథంగా తీసుకోనవసరం లేదు. అయితే చివరికి రాయబారులు నిరపరాధుల రక్తం గురించి మొరపెట్టుకోగా సుల్తాను కరిగిపోయాడని, యుద్ధఖైదీలను చంపరాదన్న ఆచారం దక్కనులో అప్పటినుంచి నిలిచిందని ఆయన రాశాడు. ఖైదీకి బదులు ఖైదీ అన్న మాట రావాలన్నా ముందు ఖైదీ బతికి ఉండాలి. ఆ కనీస ధర్మాన్ని ఈ నేల ఎంతో రక్తం కార్చి నేర్చుకుంది.

మన కాలంలో, మన తెలుగునాట కూడా ఈ ప్రశ్న వచ్చింది. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యంలోని గుర్తేడు వద్ద పీపుల్స్ వార్ నక్సలైట్లు పలువురు ఐఏఎస్ అధికారులను బంధించారు. వారిలో పేదల అధికారిగా పేరుపొందిన ఎస్.ఆర్. శంకరన్ ఉన్నారు. జైలులో ఉన్న తమవారిని వదలాలన్నది షరతు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం కొందరు ఖైదీలను వదిలింది, అధికారులు క్షేమంగా తిరిగి వచ్చారు. ప్రభుత్వం లొంగిపోయిందని కొందరు, ప్రాణాలు దక్కాయని కొందరు అన్నారు. వెట్టిచాకిరీ నుంచి ఎందరినో విడిపించడానికి కృషి చేసిన శంకరన్, తాను చెరనుంచి బయటపడ్డాక పగ పెంచుకోలేదు. 1997 నుంచి పౌర స్పందన వేదిక ద్వారా ఇరుపక్షాల హింసను ఆపడానికి శ్రమించారు. ఆయన మన మతస్థుడు కాకపోవచ్చు. కానీ మేలు ఎక్కడ కనిపించినా గుర్తించడం విశ్వాసి లక్షణం.

ప్రియ సోదరులారా! ఈ చరిత్ర నుంచి మూడు విషయాలు గ్రహిద్దాం. చెరలో చిక్కినవాణ్ణి మరచిపోవడం సమాజమంతటికీ పాపం. అతణ్ణి ఏ ధరకు విడిపించాలన్నది పర్యవసానాలను తూచి బాధ్యులైన పాలకులు నిర్ణయించవలసిన విషయం, బజారులో ఆవేశంతో తేల్చేది కాదు. ఈ విషయంలో మనతో విభేదించినవాణ్ణి ద్రోహి అనకూడదు.

సైన్యాలు, ఒప్పందాలు మన చేతిలో లేవు. కానీ ఖైదీని విడిపించమన్న ఆజ్ఞ మన చేతికి అందనిది కాదు. మన దేశపు జైళ్లలో ఉన్నవారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. జామీను మంజూరైనా పూచీకత్తు సొమ్ము లేక లోపలే ఉండిపోయిన పేదలు వారిలో ఉన్నారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షన్ ప్రకారం, మరణశిక్షకూ యావజ్జీవ శిక్షకూ తగిన నేరాలు మినహా, తొలిసారి నేరారోపణ ఎదుర్కొంటున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైలులో గడిపితే, అతడిపై వేరే కేసులేవీ లేనప్పుడు, విడుదల కోరవచ్చు. ఈ సంగతి తెలియని కుటుంబం మీ వీధిలో ఉంటే, ఏ మతానికి చెందినదైనా సరే, వారిని జిల్లా న్యాయసేవాధికార సంస్థ వద్దకు తీసుకువెళ్లండి. జకాత్ వ్యయమార్గాలు ఎనిమిదింటిలో బానిస విముక్తి ఒకటి. యుద్ధఖైదీ విడుదలను కూడా హంబలీ పండితులు అందులో చేర్చారు. నేటి ఖైదీకి ఏ సొమ్ము వాడవచ్చో మీ ఆలిములను అడగండి. సదఖాకు మాత్రం ఏ అడ్డూ లేదు.

ఓ అల్లాహ్! చెరలో ఉన్న నిరపరాధులకు విముక్తి ప్రసాదించు. వారి కోసం ఎదురుచూసే తల్లుల కన్నీళ్లు తుడువు. అభిప్రాయభేదంలో సైతం న్యాయం తప్పని హృదయాలను మాకు అనుగ్రహించు. ఆమీన్.