వెండికొరకు వెదకగా దొరికిన ఉత్తరములు

దూరదేశమందున్న కుమారుని క్షేమసమాచారము ఒక వారము తెలియకపోయినయెడల తల్లికి అన్నము సయించదు. అట్లయిన, 70 ఏండ్లు సముద్రపు అడుగున పడియుండిన ఉత్తరముల సంగతి వినుడి.

1940 డిసెంబరులో 'గైర్సొప్ప' అను సరకుల ఆవిరి ఓడ కలకత్తానుండి ఇంగ్లండునకు బయలుదేరెను. కన్నడ దేశమందలి జోగ్ జలపాతమునకున్న మరియొక పేరే ఆ ఓడకు పెట్టిరి. దానిలో పోత ఇనుము, తేయాకు, వెండి కడ్డీలు, టపా ఉండెను. ఓడమీదనున్న 86 మందిలో పెక్కుమంది మన దేశపు కళాసులు. యుద్ధకాలమగుటచేత ఆ ఓడ ఆఫ్రికాలోని ఫ్రీటౌను రేవునుండి ఇతర ఓడల గుంపుతో కలిసి సాగెను. తుపానులలో బొగ్గు తరిగిపోగా గుంపును విడిచి, ఐర్లండులోని గాల్వే రేవువైపు ఒంటరిగా మరలెను. 1941 ఫిబ్రవరి 16 రాత్రి జర్మనుల జలాంతర్గామి యు-101 దానిని టార్పిడోతో కొట్టెను. కొద్ది నిమిషములలోనే ఓడ మునిగెను.

ఒక్క రక్షక పడవ మాత్రము తీరమువరకు వచ్చెను. రెండవ అధికారి రిచర్డ్ ఎయిర్స్ నడిపిన ఆ పడవలో 8 మంది ఐరోపావారును, 23 మంది భారతీయులును ఉండిరి. చలికిని దాహమునకును ఒకరి తరువాత ఒకరు ప్రాణములు విడిచిరి. 13వ దినమున ఇంగ్లండులోని కార్న్‌వాల్ తీరము కనబడునప్పటికి కొద్దిమందే మిగిలిరి. ఒడ్డు చేరబోవుచుండగా అలలు పడవను బోర్లదోసెను. ఎయిర్స్ ఒక్కడే బ్రతికెను. అతడు మరల ఓడలమీద పనికి పోయెను, 1992లో మరణించెను.

ఏండ్లు గడిచెను. 2010లో బ్రిటిషు ప్రభుత్వము ఒడిస్సీ అను అమెరికా కంపెనీతో ఒడంబడిక చేసికొనెను. వెలికివచ్చిన వెండి విలువలో ఖర్చులు పోను 80 శాతము కంపెనీకి చెందవలెను. వారు శబ్దతరంగములను సముద్రపు అడుగునకు పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనినిబట్టి వెదకిరి. 2011లో ఐర్లండునకు నైరుతిగా సుమారు 300 మైళ్ల దూరమున ఓడను కనుగొనిరి. లోతు 4,700 మీటర్లు. టైటానిక్ ఓడ పడియున్న చోటుకంటె సుమారు 900 మీటర్లు ఎక్కువ. అంత లోతున ఈదువాడు దిగి పనిచేయజాలడు. కావున పైనున్న ఓడనుండి తీగతో నడిపింపబడు యంత్రమును కెమెరాలతో దించిరి. టార్పిడో చేసిన రంధ్రమును, తేయాకు పెట్టెలను చూచి, ఓడ కట్టడమును సరిపోల్చి గుర్తుపట్టిరి. 2012లో 1,218 కడ్డీలు, 2013లో 1,574 కడ్డీలు, మొత్తము 2,792 పైకి తెచ్చిరి. ఒక్కొక్కటి సుమారు 35 కేజీల బరువు.

అయితే ఎవరును వెదకని సొత్తు ఒకటి కూడ దొరికెను: 700కు పైగా ఉత్తరములు! కాగితము నీటిలో ఒక రాత్రి నానినను పాడగును గదా; ఇవి ఎట్లు నిలిచెను? దొంతరలుగా అణగి, సరకుల క్రిందను బురదలోను కప్పబడియుండెను. వెలుతురు లేదు, కుళ్లింపజేయు క్రిములకు కావలసిన ప్రాణవాయువును లేదు. ఏ బరువు వాటిని పాతిపెట్టెనో ఆ బరువే వాటిని కాపాడెను.

2018లో లండనులోని తపాలా ప్రదర్శనశాలలో వాటిని ప్రజలకు చూపిరి. వాటిలో ఒకటి ఇండియాలోనున్న ఒక సైనికుడు వ్రాసినది. అతడు పెండ్లాడగోరిన కన్య సమ్మతి తెలుపగా, ఆ ఆనందమునే వ్రాసి పంపెను. అది ఆమెకు చేరలేదు. వారి వివాహమును జరుగలేదు. 77 ఏండ్లకు పిమ్మట, మిక్కిలి వృద్ధురాలైన దినములలో, ఆమె ఆ మాటలు వినెను.

చదువరీ, వెండి కడ్డీలు ఎన్నియో ఒక్కటి తప్పకుండ లెక్కింపబడెను. ప్రాణములు విడిచిన 85 మందిలో ప్రతివాని కొరకును ఒక గుమ్మమున ఎవరో ఎదురుచూచియుందురు. ఆ ఎదురుచూపులను తూచు త్రాసు ఏ రేవులోను లేదు. నీవు ఒకరికి చెప్పవలసిన మంచిమాట ఏదైన మిగిలియున్నదా? రేపటి ఓడను నమ్ముకొనక, నేడే చెప్పుము.