వేడినీళ్ళ సీసాలో పెట్రోలు

హోండా తన మొట్టమొదటి బండికి పెట్రోలు ట్యాంకుగా వాడింది ఒక వేడినీళ్ళ సీసా. జపాన్‌వాళ్ళు చలి రాత్రుల్లో వేడినీళ్ళు నింపి దుప్పట్లో కాళ్ళ దగ్గర పెట్టుకునే రకం. 1946లో, హమమత్సు ఊళ్ళో, సొయిచిరో హోండా అనే మెకానిక్ ఒక మామూలు సైకిలుకి చిన్న ఇంజను బిగించాడు. మరి పెట్రోలు దేంట్లో పొయ్యాలి? చేతికందిన సీసాలో పోశాడు. ఇవాళ ప్రపంచంలోకెల్లా ఎక్కువ మోటారు సైకిళ్ళు తయారుచేసే కంపెనీ మొదలైంది అలాగ.

ఈ సంగతి చదివి నవ్వుకుని ఊరుకోవచ్చు. నేను ఊరుకోలేక, ఈ బండికి అన్నదమ్ములెవరు, పినతండ్రి పిల్లలెవరు అని వెతుక్కుంటూ పోయాను. ఆ పిచ్చి ముదిరి, పాతకాలం సోకులతో కొత్తగా వచ్చిన కరెంటు సైకిలొకటి కొనేదాకా వెళ్ళింది. దాని గొడవ తరవాత చెబుతాను.

ముందు ఆ ఇంజను సంగతి. అది బండి కోసం పుట్టింది కాదు. జపాన్ సైన్యం వాడిన 6వ నంబరు వైర్‌లెస్ సెట్లకి కరెంటివ్వడానికి చేసిన బుల్లి జనరేటరు ఇంజను. యుద్ధం ఓడిపోయాక ఆ సెట్లను పట్టించుకున్నవాళ్ళు లేరు. స్నేహితుడి ఇంట్లో అలాంటిదొకటి హోండా కంటబడింది. రైళ్ళలో కాలు పెట్టే చోటు లేదు, పెట్రోలు రేషను, తిండిగింజల కోసం జనం పల్లెల వెంట సైకిళ్ళ మీద తిరుగుతున్నారు. దీన్ని ఆ సైకిలుకే తగిలిస్తే ఏం పోయింది అనుకున్నాడు. ఎక్కడెక్కడో మిగిలిపోయినవి ఓ 500 దాకా కొనుక్కొచ్చి, విప్పి, బాగుచేసి, సైకిళ్ళకి బిగించి అమ్మాడు.

మొదట ఇంజన్ని హ్యాండిల్ ముందు పెట్టి, ఒక రోలరుతో ముందు టైరుని రుద్ది తిప్పాడు. ఆనాటి నాసిరకం ట్యూబులు ఆ రాపిడికి ఓర్చుకోలేక పేలిపోయాయి. దాంతో ఇంజను సైకిలు మధ్యలోకి దిగింది, బెల్టు వెనక చక్రానికి మారింది. చాలని పెట్రోల్లో పైన్ చెట్ల నూనె కలిపి నడిపిన రోజులవి. ఇంజను మొండికేస్తే కాళ్ళు ఉండనే ఉన్నాయి, తొక్కుకుంటూ పోవడమే.

ఈ బండికి తొలి టెస్టు డ్రైవరు హోండా భార్య సాచి. జనం చూడాలని ఆవిణ్ణి ఊళ్ళో రద్దీగా ఉండే వీధుల్లో నడపమన్నాడు. నలుగురూ చూస్తారు కదా అని ఆవిడ ఉన్నవాట్లో మంచి బట్టలే వేసుకుని వెళ్ళింది. తిరిగొచ్చేసరికి కార్బురేటరు చిమ్మిన నూనెతో బట్టలన్నీ పాడైపోయాయి. ఇలాగైతే కొన్నవాళ్ళు తిట్టిపోస్తారని మొహం మీదే చెప్పింది. ఎవరేమన్నా కస్సుమనే హోండా ఆ రోజు మాత్రం ఎదురు చెప్పలేదట. ఆవిడ సైకిలు తొక్కి అలిసిపోతుంటే చూడలేక ఈ బండి చేశానని హోండా తరవాత చెప్పుకునేవాడు. ఆవిడేమో, అదంతా వినడానికి బాగుంటుందని చెప్పే మాటేననీ, ఆడవాళ్ళు నడపగలరో లేదో తేల్చుకోవడానికే తనని ఎక్కించాడనీ గుర్తుచేసుకుంది. ఈ విషయంలో నా ఓటు ఆవిడకే.

1947లో సొంతంగా తయారుచేసిన 50 సీసీ ఏ-టైపు ఇంజను, 1948లో కంపెనీ, 1952లో సైకిలుకి తగిలించే కబ్ ఎఫ్ ఇంజను. ఎర్ర ఇంజను, తెల్ల ట్యాంకు, సుమారు 6 కిలోల బరువు. అట్టపెట్టెలో వచ్చేది, మన సైకిలుకి మనమే బిగించుకోవాలి. అమ్మకాలు చూసే టకేవో ఫుజిసావా చేసిన పని నాకు ఇంజను కంటే ఎక్కువ నచ్చుతుంది. దేశంలోని సైకిలు షాపులకి, సుమారు 50 వేలకి, ఉత్తరాలు రాయించాడు. మీ తాతలు ధైర్యం చేసి సైకిళ్ళ వ్యాపారంలోకి దిగారు, ఇక ఇంజన్లలోకి దిగే వంతు మీది అన్న ధోరణిలో నడిచిన ఉత్తరాలవి. చివరికి దాదాపు 13 వేల షాపులు కలిసొచ్చాయి. అంటే నిన్నటిదాకా పంక్చరు వేసినవాడే ఇవాళ ఇంజను అమ్మాడు, అతనే మర్నాడు దాన్ని బాగుచేశాడు.

ఇటలీలోనూ అవే రోజుల్లో అదే కథ. బొలోన్యాలో రేడియో భాగాలు చేసే డుకాటీ ఫ్యాక్టరీ 1944 అక్టోబరులో బాంబు దాడికి నేలమట్టమైంది. ట్యూరిన్‌లో సియాటా అనే చిన్న కంపెనీ సైకిలుకి తగిలించే 48 సీసీ ఇంజనొకటి చేసింది. పొగగొట్టం చప్పుడు కుక్కపిల్ల మొరిగినట్టుంటుందని దానికి కుచ్చోలో, అంటే కుక్కపిల్ల, అని పేరు పెట్టారు. 1946లో డుకాటీ దాన్ని తయారుచెయ్యడం మొదలుపెట్టింది. 1950 నాటికి 2 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. ఇవాళ లక్షలకి లక్షలు పోసి కొనే ఎర్ర డుకాటీల వంశానికి మూలపురుషుడు ఈ కుక్కపిల్లే.

ఫ్రాన్సులో కార్బురేటర్ల కంపెనీ సోలెక్స్ కూడా 1946లోనే వెలోసోలెక్స్ అమ్మడం మొదలుపెట్టింది. నల్ల సైకిలు, ముందు చక్రం నెత్తిన గుండ్రటి ఇంజను. హోండా వదిలేసిన రోలరు పద్ధతే వీళ్ళు పట్టుకుని 1988 దాకా నడిపారు. మీట లాగితే ఇంజను పైకి లేచి టైరుని వదిలేస్తుంది, ఉత్త సైకిలు మిగులుతుంది. మీట వదిలితే రోలరు టైరు మీద వాలుతుంది, మళ్ళీ మోటారు బండి. వాన పడితే తడి టైరు మీద రోలరు జారేది. అయినా పాదిరీలు, పంతుళ్ళు, కాలేజీ పిల్లలు అందరూ ఎక్కారు. జాక్ తాతి 1958లో తీసిన ‘మోనాంకుల్’ సినిమాలో, యంత్రాలంటే పడని ఉలో గారు తిరిగేది దీని మీదే.

మూడు దేశాల్లో ఒకరికొకరు తెలియకుండా ఒకే వస్తువు పుట్టడానికి మహా మేధస్సు అక్కర్లేదు. ఫ్యాక్టరీలు కూలిపోయాయి, ఉక్కు లేదు, కార్లు కొనే తాహతు లేదు, ఇంటింటా సైకిలు మాత్రం ఉంది. ఉన్నదానికి కొంచెం చేర్చుకోవడం లేమి నేర్పిన విద్య. ఇంట్లో ఉన్న సైకిలు పారెయ్యకుండా దాన్నే బండి చేసుకోమని చెప్పే కంపెనీలు ఇవాళ తక్కువే.

1946కి ముందు ఇంజను సైకిళ్ళు లేవా అంటే ఉన్నాయి. 1860ల చివర్లోనే ఫ్రాన్సులోనూ అమెరికాలోనూ సైకిలుకి ఆవిరి ఇంజను తగిలించినవాళ్ళున్నారు. వాళ్ళలో సిల్వెస్టర్ రోపర్ అనే అమెరికా ముసలాయన 1896లో, ఏడు పదులు దాటిన వయసులో, కేంబ్రిడ్జిలోని సైకిలు పందేల ట్రాక్ మీద తన ఆవిరి సైకిలు నడుపుతూ పడి చనిపోయాడు. గుండె ఆగడం వల్ల పడ్డాడో, పడటం వల్ల గుండె ఆగిందో అని ఇప్పటికీ వాదించుకుంటారు. 1897లో ప్యారిస్‌లో వెర్నర్ సోదరులు ముందు చక్రం పైన పెట్రోలు ఇంజను పెట్టారు. ఆ తరవాత మోటారు సైకిలు లావెక్కి, పెడళ్ళు రాల్చేసుకుని, తన దారిన తాను పోయింది. మిగతా నలభై ఏళ్ళూ ఇక్కడే దాటేస్తాను.

యాభైల్లో మళ్ళీ పెడలుకి గిరాకీ పెరిగింది. ఈసారి కాళ్ళ కోసం కాదు, చట్టం కోసం. యూరప్‌లో చాలా చోట్ల 50 సీసీ లోపు ఇంజనూ, పెడళ్ళూ ఉంటే అప్పట్లో అది సైకిలు కిందే లెక్క. పన్నులూ పరీక్షలూ తక్కువ. ఇంజన్లు బలపడి, తొక్కే అవసరం పోయినా పెడళ్ళు అలాగే వేలాడుతూ ఉండేవి. దీనికి పరాకాష్ఠ బ్రిటన్. 1971 చివర్లో అక్కడి ప్రభుత్వం, 16 ఏళ్ళవాళ్ళు పెడళ్ళున్న 50 సీసీ బండే నడపాలంది. యమహా ఎఫ్ఎస్1-ఈ అనే గంటకు 70 కిలోమీటర్ల బండికి పెడళ్ళు తగిలించి వాళ్ళకి అమ్మింది. రెండు పెడళ్ళనీ ముందుకి తిప్పి లాక్ చేస్తే కాళ్ళు పెట్టుకునే కడ్డీలయ్యేవి. 1977లో చట్టం మార్చి వేగానికి పరిమితి పెట్టేదాకా ఈ నాటకం నడిచింది.

మన దగ్గరికొస్తే, ఈ వంశవృక్షంలో ఒక కొమ్మ నేరుగా తిరుపతికి పాకింది. ఫ్రాన్సులో 1949లో పుట్టిన మోటోబెకాన్ కంపెనీ మోబిలెట్, తిరుపతిలోని మోపెడ్స్ ఇండియా లిమిటెడ్‌లో సువేగా పేరుతో తయారయ్యేది.  తిరుపతిలో ఉండే నాకు, ఈ ఊళ్ళో ఫ్రెంచి మోపెడ్ తయారైందని చెప్పే బోర్డు ఒక్కటీ కనపడలేదు. లడ్డూకి ఉన్నన్ని చరిత్రలు సువేగాకి లేవు.

1972లో పూణె కైనెటిక్ వాళ్ళ లూనా వచ్చింది. ఇటలీ పియాజ్జియో చేసిన చావ్ దాని మాతృక. 1980లో హోసూరు నుంచి ఇద్దరెక్కే టీవీఎస్ 50 వచ్చింది. ఇక మన పల్లెల్లో పాల క్యాన్లు, చేపల బుట్టలు, యూరియా బస్తాలు, పెళ్ళికెళ్ళే సంసారాలు అన్నీ దాని మీదికే. స్టాండు వేసి గబగబా తొక్కితే స్టార్టవడం, బంకులో పెట్రోల్లో ఆయిలు కలిపించుకోవడం, నడి దారిలో పెట్రోలైపోతే తొక్కుకుంటూ ఇల్లు చేరడం మా తరానికి తెలుసు. 1988 మోటారు వాహనాల చట్టం గేర్లేని బండికి 16 ఏళ్ళకే లైసెన్సిచ్చింది. తరవాత కిక్కు వచ్చింది, పెడలు పోయింది. ఇప్పటి టీవీఎస్ ఎక్స్ఎల్ 100కి పెడళ్ళు లేవు. 2024 ఫిబ్రవరిలో బ్యాటరీతో మళ్ళీ పుట్టిన ఈ-లూనాకీ లేవు.

నేను కొన్న కరెంటు సైకిలుకి ఉన్నాయి, అందుకే కొన్నాను. గుండ్రటి హెడ్‌లైటు, గోధుమరంగు సీటు, లావు టైర్లు, ముందు కడ్డీకి 1930ల నాటి మోటారు సైకిలుకున్నట్టు ట్యాంకు. ట్యాంకు మూత తిప్పితే లోపల బ్యాటరీకి చార్జింగు పిన్ను. హోండా ట్యాంకు దొరక్క సీసా పెట్టాడు. మనకి పెట్రోలే అక్కర్లేకపోయినా ట్యాంకు కావలసొచ్చింది! మోటారు 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటదు కాబట్టి మన నిబంధనల ప్రకారం లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కర్లేదు.

నడపడం మాత్రం ఆనందమే. కపిలతీర్థం దాటి అలిపిరి వైపు ఎగువకి మళ్ళితే, పెడలు అర చుట్టు తిరిగేదాకా ఏమీ ఉండదు. తరవాత వీపు మీద ఎవరో చెయ్యి వేసి నెట్టినట్టు బండి ముందుకు పోతుంది. తొక్కడం ఆపితే అదీ ఆపేస్తుంది. బ్యాటరీ ఆపి తొక్కితే అసలు సంగతి బయటపడుతుంది: రెండు సైకిళ్ళ బరువు ఒక్క చెయిను మీద లాగాలి. చదునుమీద సరే, ఎగువకి మోకాళ్ళు మొరాయిస్తాయి.

వెనక టైరు పంక్చరైతే కంపెనీ సర్వీసువాళ్ళు ఒక టికెట్ నంబరిచ్చి వేచి ఉండమన్నారు. మా వీధి చివర సైకిలు షాపాయన ముందు వైర్లు చూసి దణ్ణం పెట్టాడు. చక్రంలోనే మోటారు ఉందని తెలిశాక, చక్రం ఊడదీసే పనే పెట్టుకోలేదు. బండిని పక్కకి వాల్చి, టైరు అంచు ఒక వైపే లేపి, ట్యూబుని చేరెడు బయటికి లాగి, కంత దొరికిన చోటే గీకి, సొల్యూషన్ రాసి, ప్యాచీ అతికించి మళ్ళీ లోపలికి తోసేశాడు. ఫుజిసావా ఉత్తరం ఇలాంటివాళ్ళకే రాశాడు. నా బండి కంపెనీ మాత్రం వీళ్ళకి వైరింగు బొమ్మ ఒక్కటీ ఇవ్వదు, మోటారుని అదుపుచేసే కంట్రోలరు అమ్మదు, పైగా వాళ్ళు ముట్టుకుంటే వారంటీ పోతుందని బెదిరిస్తుంది. పాతకాలం అంటే గోధుమరంగు సీటనుకుంటున్నారు. చవకగా బాగవడం, పక్క వీధిలో బాగవడం కూడా ఆ కాలపు సొత్తే.

కొనాలనుకునేవాళ్ళు షోరూములో బ్యాటరీ ఆపించి, ఎగువ ఉన్న వీధి చూసుకుని ఆ చివరిదాకా తొక్కి రండి. వెళ్ళేటప్పుడు మీ సైకిలు షాపాయన్ని కూడా తీసుకెళ్ళి వెనక చక్రం చూపించండి. ఆయన తల ఊపితే కొనుక్కోండి, అడ్డంగా ఊపితే ఆ డబ్బుతో మంచి సైకిలు కొనుక్కుని కొంచెం ఎక్కువ తొక్కండి.