యురేనియం బాటలపై సైకిళ్ళు

కొండ మీదికి సైకిలు ఎక్కించడం కష్టం, దిగడం సులభం అని మనమంతా అనుకుంటాము. దిగేటప్పుడు త్రొక్కవలసిన పని లేదు. భూమ్యాకర్షణే మనలను లాగుకొని పోతుంది. నిజానికి అక్కడే చిక్కు వున్నది. ఆ లాగే శక్తిని ఎక్కడో ఒకచోట ఖర్చు పెట్టకపోతే సైకిలు ఆగదు. పల్లం రోడ్డు మీద చాలా దూరం బ్రేకు పట్టి దిగిన విద్యార్థి చక్రపు అంచును తాకి చూస్తే, అది వెచ్చగా వుంటుంది. శక్తి నశించలేదు, ఉష్ణంగా మారినది. ఈ చిన్న విషయం నుంచే ఒక కొత్త రకం సైకిలు పుట్టినది. ఆ సైకిలు, బ్రతుకుతెరువు పోయిన ఒక ఎడారి పట్టణానికి మళ్ళీ ప్రాణం పోసినది.

ఆ పట్టణం పేరు మోయాబ్. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని యూటా రాష్ట్రంలో, కొలరాడో నది ఒడ్డున, సముద్ర మట్టానికి సుమారు 4,000 అడుగుల ఎత్తున వున్నది. ఏడాదికి పది అంగుళాల లోపు వర్షం. చుట్టూ ఎర్రని ఇసుకరాతి కొండలు, లోతైన లోయలు. నేడు అక్కడ ప్రొద్దుటే ఒక దృశ్యం చూడవచ్చును. అయిదారుగురు మిత్రులు, వారికి దారి చూపే మనిషి ఒకరు, సైకిళ్ళన్నీ వ్యానుకు కట్టుకొని లాసాల్ పర్వతాల వైపు వెళతారు. సుమారు 11,000 అడుగుల ఎత్తున దిగి, అక్కడనుంచి సైకిళ్ళ మీద నది దాకా వస్తారు. అంటే ఒక్క పూటలో 7,000 అడుగులు దిగుతారన్న మాట. దేవదారు అడవిలో మొదలైన దారి ఎడారి రాతిలో ముగుస్తుంది.

ఇటువంటి చోటికి సైకిలు ఎలా వచ్చింది?

సైనికుల సాహసం

సైకిలు ముందుగా చదునైన రోడ్డు కోసం పుట్టిన వాహనం. 1888లో డన్‌లప్ గాలి టైరు కనిపెట్టిన తరువాత దాని వాడకం వేగంగా పెరిగినది. గుర్రానికి గడ్డి కావాలి, నీరు కావాలి. సైకిలుకు అవేవీ అక్కరలేదు. అయితే రోడ్డు లేని దేశంలో ఇది గుర్రానికి బదులు పనిచేస్తుందా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి 1897లో అమెరికా సైన్యం ఒక ప్రయోగం చేసింది. లెఫ్టినెంట్ జేమ్స్ మాస్ నాయకత్వాన 25వ పదాతి దళానికి చెందిన ఇరవైమంది నల్లజాతి సైనికులు మోంటానాలోని మిసౌలా కోట నుంచి బయలుదేరి, 41 రోజులలో సుమారు 1,900 మైళ్ళు ప్రయాణం చేసి సెయింట్ లూయీ నగరం చేరారు.

రాకీ పర్వతాలు దాటడం కన్న నెబ్రాస్కా ఇసుక తిన్నెలు దాటడమే వారికి ఎక్కువ కష్టమైనది. సన్నని టైర్లు ఇసుకలో కూరుకుపోయినవి. విధి లేక రైలు పట్టాల వెంట వెళ్ళారు. ఎండ తీవ్రత, క్షారపు నీరు వారిని జబ్బు చేయించినవి. సైకిలుకు నీరు అక్కరలేదు గాని, దానిని త్రొక్కే మనిషికి కావాలి గదా! ఆ సైనికులు గమ్యం చేరారు. సైన్యం మాత్రం సైకిలును గుర్రానికి బదులుగా స్వీకరించలేదు.

గ్రీజు కాలిన కొండ

తరువాతి అధ్యాయం 1970ల నాటిది. కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరంగా మెరిన్ అనే కొండప్రాంతం కలదు. అక్కడి యువకులు కొందరు 1930-40ల నాటి పాత సైకిళ్ళను చవకగా కొని, మట్టి దారులలో కొండ దిగడం వినోదంగా పెట్టుకున్నారు. ఆ సైకిళ్ళు బరువైనవి, కాని వాటి టైర్లు రెండంగుళాలకు పైగా లావు. లావు టైరులో గాలి తక్కువ ఒత్తిడితో వుంటుంది. అందుచేత అది రాళ్ళ మీద నలిగి, దెబ్బను తనలో ఇముడ్చుకుంటుంది.

1976 అక్టోబరులో వారు ఒక కొండదారి మీద పందెం పెట్టారు. దారి పొడవు రెండు మైళ్ళకు కొంచెం ఎక్కువ. దిగే లోతు 1,300 అడుగులు, అంటే సుమారు 400 మీటర్లు. ఆ పాత సైకిళ్ళకు పెడలును వెనుకకు త్రొక్కితే వెనుక చక్రపు ఇరుసు గూటి లోపల పట్టే బ్రేకు వుండేది. ఒక్కసారి కొండ దిగేసరికి అందులోని గ్రీజు కాలి పొగలుగా పోయేది. మళ్ళీ దిగాలంటే గూడు విప్పి, కొత్త గ్రీజు నింపవలసినదే. అందువల్ల ఆ దారికి ‘రీప్యాక్’, అనగా ‘మళ్ళీ నింపుడు’, అని పేరు వచ్చింది.

గ్రీజు ఎందుకు కాలినదో మనం లెక్క వేయవచ్చును. మనిషి, సైకిలు కలిసి 90 కిలోలు అనుకుందాము. 400 మీటర్లు దిగితే వెలువడే శక్తి 90 × 9.8 × 400, అంటే సుమారు 3,53,000 జౌళ్ళు. ఇరవై డిగ్రీల వేడి గల ఒక లీటరు నీటిని మరిగే స్థితికి తేవడానికి దాదాపు ఇంతే శక్తి చాలును. ఇందులో కొంత గాలి నిరోధానికి, కొంత నేల రాపిడికి పోతుంది. సగమే బ్రేకుకు చేరినదనుకున్నా, ఒక కిలో ఉక్కును 350 డిగ్రీల దాకా వేడెక్కించడానికి అది చాలును. చుట్టూ మూసివున్న గూటినుంచి ఆ వేడి త్వరగా బయటికి పోలేదు. ఇక గ్రీజు మిగలడమెట్లా?

ఈ బాధ పడలేక ఆ యువకులు పాత సైకిళ్ళకు మెరుగైన బ్రేకులు, ఎక్కడానికి వీలుగా గేర్లు అమర్చుకున్నారు. 1977లో జో బ్రీజ్ ఈ పనికే ప్రత్యేకంగా ఉక్కు గొట్టాలతో కొత్త చట్రం తయారుచేశాడు. 1979లో టామ్ రిచీ చేసిన చట్రాలతో గేరీ ఫిషర్, చార్లీ కెల్లీ ‘మౌంటెన్ బైక్స్’ అనే పేరుతో వ్యాపారం ప్రారంభించారు. ఆ దుకాణం పేరే క్రమంగా ఆ రకపు సైకిలు పేరు అయినది. 1981లో ఒక కంపెనీ జపానులో చేయించిన సైకిళ్ళు పెద్ద సంఖ్యలో అమ్మకానికి వచ్చినవి. 1990లో కొలరాడోలోని డురాంగోలో మొదటి అధికారిక ప్రపంచ పోటీలు జరిగినవి. తరువాత చక్రం నడుమ బయటికి కనిపించే పళ్ళెపు బ్రేకు వాడుకలోకి వచ్చింది. ఆ పళ్ళెం చుట్టూ గాలి వీస్తుంది గనుక వేడిని త్వరగా వదలివేస్తుంది. 7,000 అడుగులు దిగే నేటి యాత్రికుని సైకిలు అయిదు లీటర్లకు పైగా నీటిని మరిగించగల శక్తిని ఇలా గాలికి, నేలకు వదలుకుంటూ వస్తుంది.

రాళ్ళలో యురేనియం

ఇప్పుడు మోయాబ్‌కు తిరిగి వద్దాము. 1952 జూలైలో చార్లీ స్టీన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ పట్టణానికి దక్షిణాన నేల తొలిచి నల్లని రాయి బయటికి తీశాడు. అతని దగ్గర డబ్బు లేదు, వికిరణం కొలిచే గైగర్ యంత్రమూ లేదు. ఆ రాతి ముక్కను వేరొకరి యంత్రం దగ్గర పెట్టి చూస్తే ముల్లు చివరిదాకా కొట్టుకొనిపోయినది. అది మేలైన యురేనియం ఖనిజం. వార్త తెలియగానే జనం విరగబడి వచ్చారు. 1950లో 1,300 కూడా లేని మోయాబ్ జనాభా 1960 నాటికి 4,700 దాకా పెరిగినది. 1956లో నది ఒడ్డున ఖనిజాన్ని శుద్ధిచేసే మిల్లు వెలసినది.

అణ్వస్త్రాలకు యురేనియం అవసరమైన రోజులవి. అణుశక్తి సంఘం ప్రోత్సాహంతో బుల్‌డోజర్లు కొండచరియల మీద వందల మైళ్ళ బాటలు తొలిచినవి. వైట్ రిమ్ అనే నూరు మైళ్ళ బాట అటువంటిదే. అక్కడ దొరికిన యురేనియం చాలా స్వల్పం. బాట మాత్రం మిగిలిపోయినది. ఆ ప్రాంతం 1964లో కేన్యన్‌లాండ్స్ జాతీయ వనంగా మారినది.

ఈ కథకు చీకటి వైపు కూడా కలదు. గాలి సరిగా ఆడని గనులలో పనిచేసిన వారు, వారిలో నవాహో తెగవారు ఎందరో, ఊపిరితిత్తుల కాన్సరుతో మరణించారు. వారికి పరిహారం ఇచ్చే చట్టం 1990లో గాని రాలేదు. నది ఒడ్డున మిల్లు వదలిన కోటీ అరవై లక్షల టన్నుల వ్యర్థాన్ని దూరానికి తరలించే పని 2009లో మొదలయినది.

1970లో ప్రభుత్వం యురేనియం కొనడం మానివేసింది. 1979లో త్రీమైల్ ద్వీపపు ప్రమాదం తరువాత ధర ఇంకా పడిపోయినది. 1984లో మిల్లు మూతపడినది. పని పోయినవారు ఇళ్ళు విడిచి వెళ్ళిపోయారు. సరిగా ఆ రోజులలోనే, 1983లో, గ్రాఫ్ సోదరులు మోయాబ్‌లో ఒక సైకిలు షాపు తెరిచారు. లావు టైర్ల సైకిలుకు కావలసిన దారులన్నీ అప్పటికే సిద్ధంగా వున్నవి. కొద్ది సంవత్సరాలలో దేశదేశాలనుంచి యాత్రికులు రాసాగారు. వైట్ రిమ్ బాట మీద త్రాగే నీరు ఎక్కడా దొరకదు. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున మోసుకొని పోవాలి. కాబట్టి నీరు, ఆహారం మోసే బండితో, దారి తెలిసిన మనిషితో మూడు నాలుగు రోజులు సాగే యాత్రలు ఏర్పడినవి.

జారని ‘జారుడు రాయి’

మోయాబ్ దగ్గరి ఇసుకరాతికి తొలినాటి వలస జనం ‘స్లిక్‌రాక్’, అంటే జారుడు రాయి, అని పేరు పెట్టారు. గుర్రపు లాడాలు, బండి చక్రాల ఇనుప పట్టాలు దాని మీద జారిపోయేవి. కాని రబ్బరు టైరు ఆ రాతిని గట్టిగా పట్టుకుంటుంది. నిటారుగా కనిపించే వాలు మీద కూడా సైకిలు నిలుస్తుంది. కారణమేమిటి? ఈ రాయి సుమారు 19 కోట్ల సంవత్సరాల క్రితం గాలికి పేరుకొన్న ఇసుక తిన్నె. దాని పైభాగమంతా ఇసుక రేణువుల గరుకు. ఇనుము గట్టిది గనుక కొద్ది రేణువుల కొనలనే తాకుతుంది. రబ్బరు మెత్తనిది గనుక రేణువుల మధ్యకు దిగి పట్టు సంపాదిస్తుంది. 1969లో మోటారు సైకిళ్ళ కోసం ఈ రాతి మీద తెల్లరంగు గీతలతో ఒక దారి గుర్తించారు. నేడు అది సైకిలు యాత్రికులకు పేరుపొందిన దారి.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. వడ్రంగి వాడే గరుకు కాగితాన్ని పలక మీద అంటించి, ఒక రూపాయి నాణెం, ఒక పెన్సిలు రబ్బరు ప్రక్కప్రక్కన వుంచి, పలకను మెల్లగా ఎత్తండి. ఏది ముందు జారుతుందో, ఎంత కోణం వద్ద జారుతుందో విద్యార్థులే కొలిచి వ్రాసుకోవాలి.

ఇసుక మీద సజీవ చర్మం

రాయి మీద సైకిలు పోతే రాతికి పెద్ద నష్టం లేదు. దారి ప్రక్కనున్న ఇసుక సంగతి వేరు. దాని మీద నల్లగా, గరుకుగా ఒక పొర కనిపిస్తుంది. చూసేవారికి అది ఎండిన మట్టి. నిజానికి ప్రాణమున్న పొర. పూర్వం నీలి ఆకుపచ్చ శైవలాలు అని పిలిచిన సైనోబాక్టీరియా, లైకెన్లు, నాచు అందులో కలిసి జీవిస్తాయి. సన్నని దారాల వంటి ఈ జీవులు ఇసుక రేణువులను కుట్టినట్లు పట్టివుంచుతాయి. గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. ఒక్క టైరు దానిమీదుగా పోతే ఆ దారాలు తెగిపోతాయి. మళ్ళీ అతుక్కొని పూర్వస్థితికి రావడానికి దశాబ్దాలు పడుతుంది. మోయాబ్‌లో పనిచేసిన జేన్ బెల్నాప్ మొదలైన శాస్త్రజ్ఞులు ఈ విషయం నిరూపించారు.

పొర తెగిన చోట ఇసుక దుమ్ముగా లేస్తుంది. ఆ దుమ్ము దూరపు పర్వతాల మంచు మీద పడి, ఎండను పీల్చుకొని, మంచును కొన్ని వారాలు ముందుగా కరిగిస్తున్నది. నదులకు నీరు ఆ మంచు నుంచే రావాలి. ఈ నష్టం మొదట చేసినవి పందొమ్మిదవ శతాబ్దిలో వచ్చిన పశువుల మందలు. తరువాత గనుల బాటలు, మోటారు బండ్లు. సైకిలు వంతు వాటికన్న చిన్నదే, కాని లేకపోలేదు.

అందుచేతనే దారి చూపే మనిషి బయలుదేరే ముందు రెండు విషయాలు తప్పక చెబుతాడు. ఒకటి, నీరు సరిపడా తీసుకున్నారా అని. రెండవది, రాయి మీద గాని, వున్న దారిలో గాని తప్ప చక్రం పెట్టవద్దని. మొదటి మాట 1897లో ఇసుక తిన్నెలలో నడిచిన సైనికులకు అనుభవంతో తెలిసినది. రెండవ మాట మనకు శాస్త్రం చెప్పగా ఇటీవల తెలిసినది.